మొదటి పేజీ లేని పుస్తకం

మా బైండింగ్ షాపులో కుట్టు పని చేసే అక్కను అందరూ లాయరమ్మ అనేవారు. ఆమె అప్పటికి లాయరు కాదు. ఇప్పుడూ కాదు. కానీ ఆ పేరు ఆమెకు అంటుకుపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు కూడా అసలు పేరు అడగకుండా అలాగే పిలుస్తారు.

షాపు కోర్టు వెనక సందులో, మెట్లు దిగి వెళ్ళాల్సిన నేలమాళిగలో ఉంటుంది. ముందు చిన్న గది, మధ్యలో ప్లైవుడ్ గోడ, దాని వెనక పని గది. లాయర్లు తీర్పుల సంచికలు వారం వారం తెప్పించుకుంటారు. ఏడాది తిరిగేసరికి వాటిని కట్టగా తెచ్చి మా బల్ల మీద పడేస్తారు. వాటిని విప్పి, సర్ది, కుట్టి, అంచులు కోసి, గుడ్డ అట్ట వేసి ఇవ్వడం మా పని. కోత మిషన్ నాది. కుట్టు, జిగురు ఆమెవి. అట్ట, వెన్ను, చివరి చూపు మేస్త్రివి. మేస్త్రి చేతిలో నుంచి పోని పుస్తకం గుమ్మం దాటేది కాదు. ఫారం, అంటే పదహారు పేజీల మడత, ఒక్కటి వేళ్ళతో పట్టి లాగి చూసేవాడు. కదిలితే కుట్టంతా విప్పించేవాడు.

అక్క కుడుతూ చదివేది. సూది లోపలికి దిగి బయటికి వచ్చేలోపు ఎన్ని వాక్యాలు కంటపడితే అన్ని.

"కుట్టమన్నాను, చదవమనలేదు," అనేవాడు మేస్త్రి.

"చదివితే దారం ఎక్కువ పడుతుందా మేస్త్రీ?"

"దారం కాదు, పొద్దు ఎక్కువ పడుతుంది."

"ఈ కేసులో అద్దెకున్నవాడు గెలిచేలా ఉన్నాడు. ఇంకొక్క పేజీ."

"వాడు ఎప్పుడో గెలిచి, ఇల్లు ఖాళీ చేసి, చచ్చికూడా పోయుంటాడు. కుట్టు."

అలా చదివిన చదువు తప్ప ఆమెకు చట్టంతో పని లేదు, వేలు నొప్పి మొదలయ్యేదాకా. సూదిని గుచ్చి లాగేది కుడి బొటనవేలే. ఏళ్ళ తరబడి లాగి లాగి దాని కీలు అరిగిపోయింది. పొద్దున లేస్తే వేలు వంగదు. గోరువెచ్చని నీళ్ళలో ముంచి, వంచి, అప్పుడు పనికి వచ్చేది. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన రోజు ఏమన్నాడని అడిగాను.

"వేలికి విశ్రాంతి ఇవ్వమన్నాడు తమ్ముడూ. మిగతా నేను మాత్రం పనికి రావచ్చట," అంది.

నవ్వాం. కానీ కుట్టేవాళ్ళకు ఆ వేలు పోతే మిగతా మనిషి ఎందుకూ పనికిరాదని మా ముగ్గురికీ తెలుసు.

మా పాత ఖాతాదారు ఒకాయన, జుట్టంతా నెరిసిన లాయరు, అప్పుడే ఆమెకు ఒక మాట ఇచ్చాడు. తన పుస్తకాలు తీసుకెళ్ళడానికి వచ్చి, వాటిలో ఒక తీర్పు ఎక్కడుందని తనలో తను గొణుక్కుంటూ వెతుకుతుంటే, అక్క చెయ్యి చాపి ఆ పేజీ తీసి చూపించింది. "నా ఆఫీసులో ఏ కాగితం ఎక్కడుందో నాకే తెలీదమ్మా. లా పట్టా తెచ్చుకో. నీకొక కుర్చీ వేస్తాను," అన్నాడు. ఏదో పొగడ్తకు అన్న మాట కాదు. తరవాత రెండు మూడుసార్లు గుర్తుచేశాడు కూడా.

ఆ కుర్చీ కోసం ఆమె దూరవిద్యలో చేరింది. ఆ పట్టాతో కోర్టులో వాదించడానికి వీల్లేదు గాని, ఆఫీసులో కుర్చీకి చాలు. భర్త ఒక ఆఫీసు గేటు దగ్గర కాపలా పని చేస్తాడు. "మా ఇంట్లో వాదన ఎప్పుడూ ఒకళ్ళే గెలుస్తారు. దానికి మళ్ళీ పట్టా ఎందుకో," అని మాతో అనేవాడు గాని, పరీక్షల రోజుల్లో వంట ఆయనే చేసేవాడు. కూతురు మందుల షాపులో పని చేస్తుంది. ఆ అమ్మాయే కంప్యూటరు నేర్పింది.

పేపర్లు ఒక్కోటి దాటుకుంటూ వచ్చింది. ఒక్కటి మిగిలింది: ఆస్తి, అద్దె చట్టాల పేపరు. అది రెండుసార్లు పోయింది, తెలియక కాదు. పరీక్ష హాల్లో కలం పట్టుకుని రాస్తుంటే సగంలో బొటనవేలు బిగుసుకుపోయేది. మిగతా సగం ఖాళీ కాగితం ఇచ్చి వచ్చేది.

తరవాత యూనివర్సిటీ పద్ధతి మార్చింది. పరీక్ష ఇంటి నుంచే, కంప్యూటరులో. టైపు చెయ్యాలి. పైగా పుస్తకాలు దగ్గర పెట్టుకుని చూసి రాయొచ్చు. టైపుకి ఆ వేలితో పెద్దగా పనిలేదు. ఇంత కలిసొచ్చిన రోజు ఆమె జీవితంలో మరొకటి నేను చూడలేదు. అయితే ఇంకో సంగతి కూడా ఉంది. కోర్సుకిచ్చిన గడువు ఈ పరీక్షతో తీరిపోతుంది. ఇది పోతే, ఇంతకుముందు పాసైన పేపర్లేవీ చెల్లవు. మొదటి నుంచీ మొదలుపెట్టాలి. అంతవరకు ఆ వేలు ఆగదు.

సంగతి విన్న మేస్త్రి చేతిలో పని పక్కన పెట్టాడు. ఆయన అలా పెట్టడం అరుదు.

"పుస్తకం చూసి రాసే పరీక్షా? అయితే అది మన పరీక్షే," అన్నాడు.

ఆమె దగ్గర ఉన్నవి పాత పుస్తకాల కొట్టులో కొన్నవి. ఆస్తి చట్టం ఒకటి, అద్దె చట్టం ఒకటి, రిజిస్ట్రేషన్ చట్టం ఒకటి, రెండు సంపుటాల పాఠ్యపుస్తకం. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అట్టలు ఊడినవి, జిగురు ఎండి పేజీలు రాలేవి. పరీక్ష మధ్యలో వీటితో కుస్తీ పట్టడం ఎవరివల్లా కాదు. మేస్త్రి అన్నింటినీ విప్పించాడు. పాఠ్యక్రమంలో ఏది ముందు వస్తే అది ముందు పెట్టించాడు. చట్టంలో సెక్షన్, దాని పక్కనే పాఠ్యపుస్తకంలో దాని వివరణ వచ్చేలా ఫారాలు సర్దించాడు. పాత యజమాని పెన్సిలుతో గీసిన గీతలుంటే అక్క రబ్బరుతో తుడిచేసింది, చేతిరాత ఉండకూడదని నిబంధనల్లో ఉంది కాబట్టి.

మందం చూస్తే ఇటుకలా వచ్చింది. అంత లావైతే వెన్ను నిలవదు, తెరిచినప్పుడు పుస్తకం పరుచుకోదు. అందుకని పొట్టు తీసేశాం. పైఅట్టలు, పేరు పేజీలు, ప్రచురణ వివరాలు, ముందుమాటలు, వెనక ప్రకటనలు. మా దృష్టిలో పుస్తకమంటే లోపలి మడతలే. మిగతాదంతా ఎప్పుడైనా మార్చుకోగలిగిన చొక్కా. ఎన్ని వందల పుస్తకాలకు చొక్కాలు మార్చామో. తీసినవి చెత్త గోనెలో పడ్డాయి, గోనె పాత కాగితాల బండిలో పోయింది.

తయారయ్యాక దాన్ని చూసినవాళ్ళు ఒకసారి చేతిలోకి తీసుకోకుండా ఉండలేకపోయారు. నున్నగా గుండ్రం తిరిగిన వెన్ను. ఎక్కడ తెరిచినా ఆ పేజీ దగ్గరే పరుచుకుని ఉండేది. పక్క అంచున ఒక్కో చట్టానికి ఒక్కో గాటు మెట్టులా కోశాం, వేలు ఆనితే అదే తెరుచుకునేలా. అక్క కళ్ళు మూసుకుని సెక్షన్లు తీసేది. మేస్త్రి నంబరు చెప్పేవాడు, ఆమె తీసేది, నేను తప్పు పట్టడానికి కాచుకుని ఉండి ఊరకే ఉండిపోయేవాణ్ణి.

పరీక్ష మా సెలవు రోజున పడింది. ఆమె ఇల్లు ఒకటే గది. పక్క వాటా టీవీ గోడలోంచి వినబడుతుంది. పరీక్ష రాసేచోట మనిషి గొంతు వినబడకూడదు, మరో మనిషి కనబడకూడదు. అందుకని షాపు తెరిచి, పని గదిలో ఆమెను కూర్చోబెట్టాం. కూతురూ నేనూ ప్లైవుడ్ గోడకు ఇవతల. మేస్త్రి పైన మెట్ల మీద కూర్చున్నాడు, ఎవరైనా దిగివస్తే ఆపడానికి. ప్లైవుడ్ పలచన. కంప్యూటరులోంచి పర్యవేక్షణ చేసే అమ్మాయి గొంతు మాకు బాగానే వినబడింది. వయసులో చిన్నదిలా ఉంది. మర్యాదగానే మాట్లాడింది.

హాల్‌టికెట్ చూపించమంది. మొహం దగ్గరగా చూపించమంది. తరవాత, "మీరు వాడే పుస్తకాలు ఒక్కోటి కెమెరాకు చూపించండి మేడమ్," అంది.

"ఒకటేనండి. ఇదిగో."

"పేరు పేజీ తెరవండి."

అట్ట తెరిచిన చప్పుడు వినబడింది.

"పేరు పేజీ లేదండి. తీసేశాం."

"తీసేశారా? ఎందుకు?"

"లావైపోతుందనండి."

నా పక్కన కూతురు కళ్ళు మూసుకుంది.

"ఇది ఎవరు ప్రచురించారు మేడమ్?"

"లోపల వేరువేరు వాళ్ళవండి. కట్టింది మాత్రం మా షాపులో."

"అంటే మీరే తయారుచేసుకున్నారు."

"కట్టుకున్నామండీ, అంతే. ఒక్క అక్షరం మాది కాదు. ఏ పేజీ తియ్యమంటే ఆ పేజీ తీస్తాను, చూడండి."

"మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు మేడమ్. ఇన్ని పేజీలు నేను చూడలేను కదా. ప్రచురించిన పుస్తకమే ఉండాలి. సొంతంగా కూర్చుకున్నవి ఒప్పుకోకూడదని మాకు చెప్పారు. ఇంకో కాపీ ఏమైనా ఉందా?"

"ఉన్నవన్నీ ఇందులోనే ఉన్నాయండి."

"అయితే దాన్ని మీ చేతికి అందనంత దూరంలో పెట్టండి."

అక్క కుర్చీ జరిపిన చప్పుడైంది. తరవాత తెలిసింది, పుస్తకాన్ని నా కోత మిషన్ పలక మీద పెట్టి వచ్చిందట. వేరే చోటు తోచలేదంది.

"మేడమ్, కెమెరా తిప్పి మీ వెనక గోడ ఒకసారి చూపించండి. అవన్నీ ఏంటి?"

"తీర్పుల పుస్తకాలండి."

"ఎవరివి?"

"లాయర్లవండి. బైండింగుకి వచ్చాయి."

"అన్నీనా?"

"అన్నీ అవేనండి. నాలుగు గోడలూ."

"అవి కూడా కనబడకూడదు మేడమ్. ఏదైనా గుడ్డ కప్పేయండి. త్వరగా, టైము నడుస్తోంది."

అట్టలకు వేసే గుడ్డ చుట్ట విప్పుతున్న చప్పుడు వినబడింది. ఆ చుట్ట బరువు నాకు తెలుసు, ఆ వేలి సంగతీ తెలుసు. లోపలికి వెళ్ళి ఒక కొస పట్టుకోవడానికి లేదు.

"పుస్తకాలు చూసి రాసే పరీక్ష మామయ్యా," అంది కూతురు గుసగుసగా. "పుస్తకాలన్నింటికీ ముసుగేస్తోంది మా అమ్మ."

నేను లేచాను. పాత కాగితాల బండివాడి దగ్గరికి పోయి లాభం లేదు, ఆ గోనె ఎప్పుడో మిల్లుకు వెళ్ళిపోయి ఉంటుంది. పుస్తకాల కొట్లు మూసి ఉన్నాయి. లాయరుగారి ఇల్లు దగ్గరే. కావలసిన పుస్తకాల పేర్లు ఆ పిల్ల చెబితే మనసులో అనుకుంటూ పరిగెత్తాను. ఆయన ఊళ్ళో లేడు. గుమస్తా తలుపు తీశాడు.

"లాయరమ్మకా? తీసుకెళ్ళు, తీసుకెళ్ళు. ఆవిడొచ్చాక నా కుర్చీ ఎక్కడేస్తారో కాస్త అడిగి పెట్టు," అన్నాడు, బీరువా తాళం తీస్తూ.

మూడు చట్టాలూ దొరికాయి. ఒక్కోటి తెరిచి చూసుకున్నాను. పేరు పేజీ ఉంది, ప్రచురణకర్త పేరు ఉంది, మా షాపు అట్ట కూడా ఉంది. ఛాతీకి అదుముకుని పరిగెత్తాను. మెట్ల మీద మేస్త్రి నా చేతిలోవి చూసి పక్కకు జరిగాడు.

కూతురు రెండు చేతులూ అడ్డం పెట్టింది. "తలుపు తట్టకు మామయ్యా. ఇంకో మనిషి కనబడితే పరీక్షే రద్దు చేస్తారు."

నేను తట్టలేదు. పుస్తకాలు బల్ల మీద పెట్టాను. ఆయాసంలో కొంచెం బరువుగా పెట్టినట్టున్నాను.

"మేడమ్, శబ్దం వచ్చింది. గదిలో ఎవరైనా ఉన్నారా?"

"లేరండి. బయట మా వాళ్ళు పుస్తకాలు తెచ్చినట్టున్నారు. పేరు పేజీ ఉన్నవే అయ్యుంటాయి. తలుపు దగ్గర పెట్టమని, తీసుకోనా అండీ?"

"పరీక్ష మొదలైంది కదా మేడమ్. ఇప్పుడు బయటి నుంచి ఏదీ లోపలికి రాకూడదు. సారీ మేడమ్."

"సరేనండి," అంది అక్క.

ఆ 'సరేనండి' నేను రోజూ వినేదే. వేసిన కుట్టు విప్పమని మేస్త్రి చెప్పినప్పుడు ఆమె అనేది అలాగే.

ఆ తరవాత టైపు చప్పుడు మాత్రమే. కాసేపు గబగబా వచ్చేది, తరవాత ఆగిపోయేది. ఆగినప్పుడు చాలాసేపు ఆగేది. కూతురు గోడకు తల ఆనించి కూర్చుంది. నేను తెచ్చిన పుస్తకాల్లో అద్దె చట్టం తెరిచి చదవబోయాను. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఇన్నేళ్ళుగా వేల కొద్దీ చట్టం పుస్తకాల అంచులు కోశాను గాని, లోపల ఏముందో ఎప్పుడూ చూసినవాణ్ణి కాదు.

పరీక్ష అయ్యాక ఆమె తలుపు తీసింది. వెనక గోడల నిండా ఎర్ర గుడ్డ వేలాడుతోంది. మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. ఎవరూ అడగలేదు. ఆమే చెప్పింది.

"ఒకడు షాపు అద్దెకు తీసుకుని, పెద్ద మిషన్ తెచ్చి, నేలకు బోల్టులు వేసి బిగించాడట. ఖాళీ చేసేటప్పుడు మిషన్ వాడిదా, షాపు యజమానిదా అని ప్రశ్న. ఎదురుగా నీ కోత మిషన్ ఉంది కదా తమ్ముడూ. బోల్టుల గురించే పేజీన్నర రాశాను."

"సెక్షన్ రాశావా అక్కా?"

"ఎక్కడుందో తెలుసు. నాలుగో ఫారం, ఎడమ పేజీ, కింద నుంచి రెండో పేరా. అక్కడ దారం ముడిపడితే విప్పి మళ్ళీ వేశాను, కాగితం మీద సూది గాటు కూడా ఉంది. అన్నీ కనబడుతున్నాయి. అక్కడ ఏం రాసుందో ఒక్కటే కనబడలేదు." బొటనవేలు నొక్కుకుంటూ, "అన్ని ప్రశ్నలకీ అంతే. చోటు తెలుసు," అంది.

మేస్త్రి మెట్లు దిగివచ్చి అంతా విన్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"పేరు పేజీలు ఉంచాల్సింది," అన్నాడు.

"ఉంచితే వెన్ను నిలిచేది కాదు మేస్త్రీ. మీరు చేసింది సరైన పనే."

ఆమె ఆయన్ను ఓదార్చడానికి అనలేదు. పని సంగతిగా అది నిజం. మేస్త్రికి ఆ నిజం ఏమీ చల్లగా తగల్లేదు. ఆ రోజు గుడ్డలన్నీ ఆయనే ఒక్కడూ మడిచి, చుట్ట చుట్టి, మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు.

ఫలితం మేం అన్నాలు తింటున్నప్పుడు వచ్చింది. కూతురు ఫోన్ చేసింది. అక్క విని, "ఊఁ. ఊఁ. సరే, నువ్వు తిన్నావా?" అని ఫోన్ పెట్టేసింది. డబ్బా మూత పెట్టి కడిగి వచ్చింది. పాసు మార్కులకు కాస్త దూరంలో ఆగిపోయింది. కాస్త అయినా, చాలా అయినా ఒకటే.

యూనివర్సిటీకి అర్జీ పెట్టింది. తనే రాసింది. లాయరుగారు చదివి ఒక్క కామా కూడా మార్చనక్కర్లేదన్నాడు. జవాబు మర్యాదగా వచ్చింది. పుస్తకాల నిబంధన ముందే పంపామని, మీరు చదివినట్టు టిక్కు కూడా పెట్టారని, కోర్సు గడువు ముగిసిందని, కావాలంటే కొత్తగా చేరవచ్చని.

లాయరుగారు ఒకరోజు తనే మెట్లు దిగి వచ్చాడు. నిలబడే మాట్లాడాడు. "పట్టా ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదమ్మా. లేకుండా కుర్చీ వేస్తే రేపు నలుగురూ నన్ను అడుగుతారు. గుమస్తాగా తీసుకుందామంటే, ఉన్నవాణ్ణి ఎలా పొమ్మనను?"

"ఆయన్ను పొమ్మనకండి. పిల్లలు గలవాడు," అంది అక్క.

"పోనీ ఇంకో ఏడాది చూద్దాం," అన్నాడాయన. దేనికోసం చూడాలో ఆయన చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. వెళ్తూ వెళ్తూ ఆ ఏడాది తీర్పుల కట్ట బల్ల మీద పెట్టాడు.

ఇప్పుడు ఆమె కుడుతూ చదవడం లేదు. పేజీ మీద కళ్ళుంటాయి గాని కదలవు. "ఏమైంది లాయరమ్మా, కేసులన్నీ కొట్టేశారా?" అని సందులో టీ కొట్టువాడు అడిగితే నవ్వింది. మేస్త్రి మాత్రం చదవమని నోరు తెరిచి అడగలేడు. ఇన్నేళ్ళూ వద్దని చెప్పిన మనిషి కదా.

వేలు ఇంక వంగడం మానేసింది. ఎడమ చేత్తో కుట్టడం నేర్చుకుంటోంది. ఈ వయసులో చెయ్యి మార్చడం అంత తేలిక కాదు. లాగే బలం చాలదు, కుట్టు వదులుగా పడుతుంది. మొదట్లో మేస్త్రి విప్పించేవాడు. ఆమె విప్పి మళ్ళీ కుట్టేది. మళ్ళీ వదులే. ఒకే పుస్తకం రెండు రోజులు బల్ల మీద ఉండిపోయేది.

మొన్న లాయరుగారి సంపుటం కుట్టి ఆయన ముందు పెట్టింది. మేస్త్రి మధ్యలో ఒక ఫారం వేళ్ళతో పట్టి లాగాడు. కదిలింది. ఇంకోటి లాగాడు. అదీ కదిలింది.

"వదులుగా ఉంది. విప్పనా మేస్త్రీ?" అంది అక్క.

మేస్త్రి పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు దాని వెన్ను చూస్తూ ఉండిపోయాడు. ఆమె వేలి వంక చూడలేదు.

"వద్దు. వెన్నుకు జిగురు కాస్త ఎక్కువ పెట్టు. నిలబడుతుంది," అన్నాడు.

నిలబడదు. జిగురు ఎండాక పగులుతుంది, రెండేళ్ళు తిరక్కుండా మడతలు ఊడి వస్తాయి. ఆ సంగతి మాకు నేర్పింది ఆయనే. అక్క ఒక క్షణం ఆయన వంక చూసింది, ఇంకేమైనా అంటాడేమోనని. ఆయన పుస్తకాన్ని ఆమె వైపు జరిపాడు. ఆమె జిగురు డబ్బా దగ్గరికి జరుపుకుంది. నేను మిషన్ పలక తుడిచి, ఆ పుస్తకం కోతకు వచ్చేదాకా నిలబడ్డాను.